లేజర్ గదిలో సిస్టర్ పనితనం

ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ కనిపించదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. మూసారాంబాగ్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్బీనగర్ దాకా ఆ ఎండలోనే బతుకుతెరువు వెతుక్కునేవాళ్లు ఎందరో: తోపుడు బండి మీద పండ్లమ్మే ఆమె, సిగ్నల్ దగ్గర నిలబడే కానిస్టేబుల్, స్కూటీ మీద బడికెళ్లే టీచరమ్మ, మధ్యాహ్నం భోజనాల పార్సిళ్లు మోసే కుర్రాడు. ఏళ్ల తరబడి తగిలిన ఎండ తెల్లచర్మం మీద ముందు ముడతలుగా బయటపడుతుంది. మన చామనఛాయ మీద మాత్రం ముందు రంగుగానే తేలుతుంది. చెంప ఎముకల మీద మంగు, కణతల దగ్గర గోధుమరంగు మచ్చలు, నుదుటి మీద నల్లబడిన పట్టీ. మంగుకు వంశమూ హార్మోన్లూ తోడైనా, దాన్ని ఎక్కువగా ముదరబెట్టేది ఎండే.

మెట్రో స్తంభాల వెంట ఉన్న మేడల్లో కింద మందుల షాపు, పైన స్కిన్ క్లినిక్ ఉండటం ఈ దారిలో మామూలే. లేజర్ అనగానే అందరి చూపూ యంత్రం మీదికి పోతుంది, ఆ తర్వాత దాన్ని పట్టుకున్న డాక్టరు మీదికి. కానీ ఒక చిన్న లెక్క వేసి చూడండి. మచ్చలకు వాడే క్యూ-స్విచ్‌డ్ ఎన్‌డీ-యాగ్ లేజర్‌లో ఒక్కో షాటు సాధారణంగా 10 నానోసెకన్లకు మించదు. వెయ్యి షాట్లు వేసినా కాంతి చర్మాన్ని తాకిన సమయం అంతా కలిపి సెకనులో లక్షో వంతు. దానికి ముందు రెండు మూడు వారాల తయారీ, తర్వాత నెల రోజుల కాపలా ఉంటాయి. ఆ తయారీలో, ఆ కాపలాలో ఎక్కువ భాగం నడిపేది సిస్టర్. ఈ వ్యాసం ఆమె పనితనం గురించి.

ముందు కాంతి ఏం చేస్తుందో తెలియాలి. 1960లో థియోడర్ మైమన్ కెంపు స్ఫటికంతో మొదటి లేజర్‌ను వెలిగించాడు. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్, 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను తయారుచేశాడు. ఆ జాతి కాంతి ఉక్కును కూడా కోస్తుంది. మూసారాంబాగ్‌కు దక్షిణాన బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో లోహాలకు లేజర్‌తో పని చేసే కేంద్రమే ఉంది. అంతటి కాంతిని ముఖం మీద వాడగలగడానికి కారణం 1983లో బోస్టన్ వైద్యులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ వివరించిన సూత్రం. ప్రతి పదార్థం తనకు నచ్చిన తరంగదైర్ఘ్యాన్నే ఎక్కువగా తాగుతుంది. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ కాంతిని చర్మంలో మెలనిన్ అనే రంగు పట్టుకుంటుంది. 10,600 నానోమీటర్ల కార్బన్ డయాక్సైడ్ కాంతిని నీరు పట్టుకుంటుంది. ఆ వేడి పక్క కణాలకు పాకేలోపే షాటు ముగిసిపోతే, దెబ్బ తగలాల్సినదానికే తగులుతుంది. రంగు రేణువు పగిలి ముక్కలవుతుంది. ఆ ముక్కలను శరీరం తీరిగ్గా ఊడ్చేసుకుంటుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఒక కాంతి రంగును వెతుకుతుంది, ఇంకొకటి నీటిని వెతుకుతుంది. ఆ రంగు మచ్చదా, మేనిఛాయదా అన్న విచక్షణ రెండింటికీ లేదు. థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో మొదలుపెట్టిన చర్మ వర్గీకరణ తర్వాత ఆరు తరగతులైంది. మనవాళ్లలో ఎక్కువమంది 4, 5 తరగతుల్లోకి వస్తారు. ఈ చర్మంలో రంగు తయారుచేసే కణాలు ఇట్టే ఉలిక్కిపడతాయి. కాస్త వేడి ఎక్కువైనా, కాస్త వాపు మిగిలినా, పెచ్చును గోటితో గిల్లినా అవి ఎదురుదాడిగా మరింత రంగు చిమ్ముతాయి. మచ్చ తీయించుకోవడానికి వెళ్లి, ఉన్నదానికంటే పెద్ద మచ్చతో తిరిగొచ్చే ప్రమాదం అలా వస్తుంది. అందుకే మన దగ్గర లేజర్ నర్సింగ్ అంటే ఒక్క ముక్కలో ఇది: ఆ కణాలను నెలన్నర పాటు ఉలిక్కిపడకుండా చూసుకోవడం. సిస్టర్ చేసే ప్రతి చిన్న పనికీ మూలం ఈ ఒక్క లక్ష్యంలో దొరుకుతుంది.

ఆ పని ప్రశ్నలతో మొదలవుతుంది. అడిగే తీరులోనే నేర్పంతా ఉంది. "ఏమన్నా మందులు వాడుతున్నారా?" అంటే అందరూ లేదనే చెబుతారు. అనుభవమున్న సిస్టర్ అలా అడగదు. "అక్కా, మొటిమలకు గోలీలు ఏమన్నా మింగిన్రా? ఎప్పుడన్నా పెదవి పక్కన నీటి పొక్కులు లేచినయా? చెవులు కుట్టించుకున్నకాడ గడ్డ లెక్క ఉబ్బిందా?" అని ఒక్కొక్కటీ విడివిడిగా అడుగుతుంది. ప్రతి ప్రశ్న వెనకా ఒక కారణం ఉంది. మొటిమలకు ఇచ్చే ఐసోట్రెటినాయిన్ వాడిన చర్మం లోతైన లేజర్ తర్వాత మానడంలో తేడా రావచ్చని ఆరు నెలలు ఆగడం పాత ఆనవాయితీ. ఇప్పుడు ఎంత ఆగాలో డాక్టరు నిర్ణయిస్తారు, కానీ ఆ సంగతి ముందు కాగితం మీదికి రావాలి. పెదవి పక్కన పొక్కులంటే హెర్పిస్ వైరస్ నరంలో నిద్రపోతోందని అర్థం. లేజర్ వేడికి అది లేచి, పుండు పడిన ముఖమంతా పాకగలదు. అందుకని వైరస్‌ను అణిచే మాత్రలు ముందునుంచే మొదలవుతాయి. చెవి దగ్గర ఉబ్బిన గడ్డ కీలాయిడ్ స్వభావాన్ని చెబుతుంది.

తర్వాతి మాట ఇంకా ముఖ్యం: "ముఖానికి రాసే ట్యూబులన్నీ సంచిలో ఏసుకొని తీస్కరాండ్రి." మన ఊళ్లలో పక్కింటివాళ్లు చెప్పారని, మందుల షాపువాడు ఇచ్చాడని తెల్లబడే క్రీముగా స్టెరాయిడ్ ట్యూబులు నెలల తరబడి రాసుకునేవాళ్లు తక్కువేం కాదు. చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చాక కూడా ఈ అలవాటు పోలేదు. స్టెరాయిడ్‌తో పలచబడ్డ చర్మం పైకి నున్నగా, మెరుస్తూ కనిపిస్తుంది. లోపల బలం ఉండదు. సంచిలోంచి ట్యూబులు బల్ల మీద పరిచి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదివి, డాక్టరుకు చూపించే ఆ రెండు నిమిషాల పనితో తప్పిపోయే కీడు చాలా పెద్దది. దాంతోపాటు బ్లీచ్, థ్రెడింగ్, వ్యాక్సింగ్ ఎప్పుడు ఆపాలో, రాత్రి రాసే రెటినాయిడ్ క్రీము ఎన్ని రోజుల ముందు మానాలో రాసిస్తుంది. పెళ్లికి వారం ముందు వచ్చి "జల్దీ చేసెయ్యండి" అనేవాళ్లకు నచ్చజెప్పి వెనక్కి పంపడం కూడా ఆమె పనే.

ఫొటో తీయడంలోనూ శాస్త్రముంది. ఎదురుగా ఒకటి, రెండువైపులా 45 డిగ్రీలలో ఒక్కోటి, రెండు పక్కలనుంచి ఒక్కోటి. ప్రతిసారీ అదే గోడ, అదే దీపం, అదే దూరం, ముఖం మీద పౌడరు లేకుండా, జుట్టు వెనక్కి కట్టి. కిటికీ వెలుతురు ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ ఉంటే మచ్చ తగ్గిందో, వెలుతురు పెరిగిందో ఎవరూ చెప్పలేరు. రోజూ అద్దంలో చూసుకునే మనిషికి నెమ్మదిగా వచ్చే మార్పు కనిపించదు. నాలుగో సిట్టింగు నాడు మొదటి ఫొటో పక్కన పెడితే తప్ప. వైద్యం ఆపాలా, సాగించాలా అన్న నిర్ణయం ఈ ఫొటోల నిజాయితీ మీద ఆధారపడుతుంది.

లేజర్ రోజున మొదటి పని ముఖం కడగడం. కాటుక, బొట్టు జిగురు, పొద్దున రాసిన సన్‌స్క్రీన్, చెంపల మీది పసుపు జాడ, ఏదీ మిగలకూడదు. పైన ఉన్న రంగు కూడా కాంతిని పట్టుకుంటుంది, అక్కడ చర్మం కాలుతుంది. చెవి కమ్మలు, ముక్కుపుడక తీయించాలి, మెరిసే లోహం మీద పడిన కిరణం ఎటు తిరుగుతుందో చెప్పలేం. ఆ తర్వాత నమ్మింగ్ క్రీము. లిడోకైన్, ప్రిలోకైన్ చెరో 2.5 శాతం కలిసిన మందు ఇది. మందంగా పరిచి, పైన పలచటి ప్లాస్టిక్ పొర కప్పి, డాక్టరు చెప్పినంతసేపు, సాధారణంగా అరగంట నుంచి గంట దాకా, ఉంచుతుంది. చూడ్డానికి ముఖానికి క్రీము పూయడమే. కానీ ఇది మత్తుమందు, చర్మం గుండా రక్తంలోకి వెళ్తుంది. ఎంత విస్తీర్ణానికి ఎన్ని గ్రాములో, ఎప్పుడు పెట్టామో, ఎప్పుడు తుడవాలో రాసిపెట్టుకుంటుంది. కనురెప్పల దగ్గరికి పోనివ్వదు. ఆ గంటలో మూడు నాలుగుసార్లు వచ్చి పలకరిస్తుంది. నోటి చుట్టూ తిమ్మిరి, నాలుక మీద లోహపు రుచి, చెవుల్లో హోరు, కళ్లు తిరగడం ఉన్నాయా అని ఆ కబుర్లలోనే కనుక్కుంటుంది. ప్రిలోకైన్ ఎక్కువైతే రక్తం ప్రాణవాయువును మోయలేక శరీరం నీలి రంగుకు తిరుగుతుంది. చామనఛాయలో అది బుగ్గ మీద కనపడదు కాబట్టి పెదవి లోపలివైపు, గోళ్ల కింద చూస్తుంది. టైము కాగానే క్రీమంతా తుడిచి, ముఖం ఆరేదాకా ఆగుతుంది.

ఇప్పుడు కళ్లు. 400 నుంచి 1400 నానోమీటర్ల మధ్య ఉన్న కాంతిని కంటి కటకం రెటీనా మీద ఒక్క చుక్కగా కూడగడుతుంది. 1064 నానోమీటర్ల కాంతి మన కంటికి కనపడదు. కనపడదు కాబట్టి రెప్ప పడదు. పడినా రెప్పపాటుకు సెకనులో పావు వంతు పడుతుంది, ఈలోగా షాటు అయిపోతుంది. రెటీనాకు నొప్పి తెలియదు కూడా. కార్బన్ డయాక్సైడ్ కాంతి అంత లోతుకు పోదు, కంటి పైపొరనే కాలుస్తుంది. అందువల్ల ఒక యంత్రానికి పెట్టుకునే అద్దాలు ఇంకో యంత్రానికి పనికిరావు. ప్రతి జత ఫ్రేము మీద అది ఏ తరంగదైర్ఘ్యాన్ని ఎంతమేరకు ఆపుతుందో అంకెలు ముద్రించి ఉంటాయి. సిస్టర్ ఆ అంకెను చదివి, యంత్రం మీది అంకెతో పోల్చి, గీతలు పడ్డాయేమో వెలుతురుకు పెట్టి చూసి, అప్పుడు డాక్టరుకు అందిస్తుంది. పేషెంటుకు కాంతి దూరని లోహపు కవచాలు మూసిన కళ్ల మీద సరిగ్గా అమర్చి, అంచుల్లో సందు లేకుండా చూస్తుంది. కనురెప్పకు మరీ దగ్గరగా పని ఉంటే, చుక్కల మందు వేశాక రెప్ప లోపల పెట్టే కవచాలను డాక్టరు అమరుస్తారు. సిస్టర్ పేషెంటు కనుబొమల మీద తడి గాజ్ పరుస్తుంది. వెంట్రుకలోనూ మెలనినే ఉంది కదా.

గదిని సిద్ధం చేయడం ఇంకో అంకం. బయట తలుపు మీద హెచ్చరిక బోర్డు, లోపల గడియ, కిటికీకి తెర, గోడ అద్దం మీద గుడ్డ. స్పిరిట్‌తో తుడిచిన చోట పూర్తిగా ఆరకముందు షాటు పడితే మంట అంటుకోగలదు. తలకు దట్టంగా పెట్టిన కొబ్బరి నూనె కూడా అలాంటిదే. అందుకే ముందురోజు తలస్నానం చేసి, నూనె పెట్టకుండా రమ్మని చెప్పి ఉంటుంది. నుదుటి అంచున జుట్టు మీద తడిగుడ్డ, చేతికందే దూరంలో గిన్నెలో నీళ్లు. కార్బన్ డయాక్సైడ్ లేజర్ అయితే చర్మం ఆవిరైన పొగ లేస్తుంది. ఆ పొగలో వైరస్ జన్యుపదార్థం కూడా ఉండవచ్చని పరిశోధనల్లో తేలింది. పొగ పీల్చే గొట్టం మూతిని పని జరిగే చోటికి అతి దగ్గరగా, కానీ డాక్టరు చేతికి అడ్డు రాకుండా, కిరణం దారిలోకి పోకుండా కదుపుతూ ఉండాలి. డాక్టరు చేయి చెంప నుంచి దవడకు జారితే ఆ గొట్టం కూడా అదే వేగంతో జారాలి. అందరి ముఖాలకూ ఎన్95 మాస్కులు. షాటుకు షాటుకు మధ్య డాక్టరు ఆగిన ప్రతిసారీ యంత్రం స్టాండ్‌బైలోకి వెళ్లిందో లేదో చూసేదీ, పెడల్ మీదికి ఇంకెవరి కాలూ పోకుండా చూసేదీ ఆమె కళ్లే.

షాట్లు మొదలయ్యాక ఆమె ఒక చేయి పేషెంటు భుజం మీద ఉంటుంది. "ఇప్పుడు కుడి చెంప మీద పడ్తయమ్మా, చిన్నగ చురుక్కుమంటది, ఊపిరి వదలండ్రి." ఈ మాటలకు ఓదార్పును మించిన ఉపయోగం ఉంది. ఎప్పుడు పడుతుందో ముందే తెలిసిన మనిషి ఉలిక్కిపడదు. తల కదలకపోతే ఒకే చోట రెండు షాట్లు పడవు. వెంటవెంటనే రెండు పడితే ఆ చోట వేడి పోగవుతుంది. చర్మం ఎలా స్పందిస్తోందో డాక్టరు చూస్తూనే ఉంటారు, సిస్టర్ రెండో జత కళ్లవుతుంది. ఎండ మచ్చ మీద వేసినప్పుడు అది క్షణం పాటు తెల్లగా పాలిపోవడం సరైన గుర్తు. మంగుకు తక్కువ శక్తితో వేసే టోనింగ్‌లో అలా తెల్లబడితే మోతాదు ఎక్కువైనట్టు. పుస్తకాలు చెప్పే ఎరుపు మన చర్మంలో ఎర్రగా కనపడదు, కాస్త ఊదాగా, ముదురుగా కనపడుతుంది. అందుకని ఆమె కంటినే నమ్ముకోదు. చేతి వెనకవైపు చర్మానికి దగ్గరగా పెట్టి వేడిని, వేలికొనతో వాపును చూస్తుంది.

అవగానే చల్లార్చాలి. ఐస్ ప్యాక్‌ను నేరుగా పెడితే అదీ చర్మాన్ని దెబ్బతీస్తుంది. గాజ్ చుట్టి, ఒక్కచోట ఉంచకుండా మార్చి మార్చి పెడుతుంది. ఫ్రాక్షనల్ పద్ధతి అయితే కథ వేరు. 2004లో డీటర్ మాన్‌స్టీన్, ఆండర్సన్ బృందం ప్రకటించిన ఈ పద్ధతిలో మొత్తం చర్మాన్ని కాల్చరు. మిల్లీమీటరులో పదో వంతు వెడల్పు ఉన్న సన్నటి స్తంభాలుగా దెబ్బ వేసి, మధ్యలో మంచి చర్మం వదిలేస్తారు. మడిలో నాట్ల మధ్య వదిలిన సందుల్లా. ఆ వదిలిన చర్మంలోంచే కొత్త కణాలు పాకి వచ్చి గాయాన్ని పూడుస్తాయి. కానీ తడి ఆరిపోతే కణాలు పాకలేవు. సెలైన్‌లో తడిపిన గాజ్ కాసేపు పరిచి, తర్వాత పలచగా పెట్రోలియం జెల్లీ రాస్తుంది. ఇంటికెళ్లాక కూడా చర్మం ఎండనివ్వకూడదు, చెక్కు గట్టిపడనివ్వకూడదు.

ఇంటికి పంపేముందు చెప్పే జాగ్రత్తలు అచ్చు కాగితం మీద అందరికీ ఒకటే. సిస్టర్ నేర్పు వాటిని ఎదుటి మనిషి బతుక్కు తగ్గట్టు కత్తిరించడంలో ఉంది. మిర్చి బజ్జీల బండి నడిపే ఆమెకు ఎండ ఒక్కటే కాదు, పొయ్యి సెగ కూడా మంగును రేపుతుందని చెప్పి, వారం పాటు మూకుడు ముందు ఇంకొకరిని నిలబెట్టమంటుంది. బండి నడిపే అబ్బాయికి హెల్మెట్ లోపలి స్పాంజి చెంప పెచ్చులను రాసేస్తుందని చెబుతుంది. ముఖానికి చున్నీ బిగించి చుట్టుకునే అలవాటున్న కాలేజీ అమ్మాయికి, నూలుగుడ్డ వదులుగా వేసుకోమంటుంది. ఆషాఢంలో వచ్చిన అమ్మకు, బోనాల నాడు ముఖానికి పసుపు పెట్టుకోవద్దని ముందే చెప్పి మాట తీసుకుంటుంది. కిటికీ అద్దం వెనక కూర్చుంటే ఎండ తగలదనుకునేవాళ్లకు, అతినీలలోహిత కిరణాల్లో యూవీఏ రకం అద్దంలోంచి చాలావరకు వస్తుందని వివరిస్తుంది. చర్మం మానాక సన్‌స్క్రీన్ కనీసం ఎస్‌పీఎఫ్ 30. రెండు వేళ్ల పొడవునా గీతలు పిండి, ఆ మొత్తాన్ని ముఖానికీ మెడకూ రాయించి చూపుతుంది. చాలామంది బఠాణీ గింజంతే రాస్తారు. దాంతో డబ్బా మీద రాసిన రక్షణ అందదు. మంగు ఉన్నవాళ్లకు ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ ఎందుకో కూడా చెబుతుంది: మన ఛాయను నల్లబరిచేది అతినీలలోహితమే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా.

ఒకటి రెండు రోజుల్లో ఆమె ఫోన్ చేస్తుంది. "ఎట్లుందమ్మా?" అంటే "మంచిగనే ఉంది" అంటారు. అందుకని ఇక్కడా విడివిడి ప్రశ్నలే. మంట నిన్నటికంటే తగ్గిందా, పెరిగిందా? రెండు చెంపలూ ఒకేలా ఉన్నాయా? నీటి పొక్కులున్నాయా? చీము, జ్వరం? రోజురోజుకూ తగ్గాల్సిన నొప్పి మళ్లీ పెరగడం, ఒకవైపే ఎక్కువ వాపు, గుంపుగా లేచిన చిన్న పొక్కులు, ఇవి కనిపిస్తే అదేరోజు రప్పిస్తుంది. ఇన్ఫెక్షన్‌ను, హెర్పిస్‌ను మొదట్లోనే పట్టుకుంటే మచ్చ పడే ప్రమాదం తగ్గుతుంది. పెచ్చులు అయిదారు రోజుల్లో వాటంతటవే రాలిపోతాయి, గిల్లొద్దని మళ్లీ చెబుతుంది. చివరగా రిజిస్టరు రాస్తుంది: ఏ యంత్రం, ఎంత శక్తి, ఎంత వెడల్పు చుక్క, ఎన్ని షాట్లు, చర్మం ఎలా స్పందించింది, వేడి ఎంతసేపటికి దిగింది. వచ్చే సిట్టింగులో డాక్టరు తిప్పే అంకెలు ఈ వరుసల్లోంచే వస్తాయి.

ఇవన్నీ కలిపి చూస్తే, విడివిడిగా చిన్నవిగా కనిపించిన పనులు ఒక్కటిగా అల్లుకున్నట్టు తెలుస్తుంది. ప్రశ్న మాత్రకు దారితీస్తుంది, మాత్ర పొక్కును ఆపుతుంది. కదలని తల వేడిని ఆపుతుంది, చల్లదనం వాపును ఆపుతుంది, జెల్లీ చెక్కును ఆపుతుంది, గొడుగూ సన్‌స్క్రీనూ కొత్త రంగును ఆపుతాయి. ఒక ముడి వదిలినా మిగతావన్నీ వదులవుతాయి. యంత్రం ఎంత ఖరీదైనదైనా రంగును మాత్రమే గుర్తుపడుతుంది. ఈ ముఖం ఎవరిది, ఏ ఎండలో తిరుగుతుంది, ఏ పొయ్యి ముందు నిలబడుతుంది అన్నది ఆ లెక్కలోకి తెచ్చేది సిస్టరే.

లేజర్ చేయించుకోదలచినవాళ్లు క్లినిక్‌లో ముందుగా అడిగేవి రెండే: ఏ కంపెనీ మెషీన్, సిట్టింగుకు ఎంత. ఇంకో మూడు కూడా అడగవచ్చు. నమ్మింగ్ క్రీము పెట్టాక నా దగ్గర ఎవరుంటారు? నా కళ్లకు పెట్టే కవచాలు, మీరు పెట్టుకునే అద్దాలు ఈ యంత్రానికి సరిపోయేవేనా? రాత్రి పొక్కులొస్తే ఫోన్ ఎవరెత్తుతారు? తడుముకోకుండా జవాబు వచ్చే చోటికే వెళ్లండి. చాలాచోట్ల ఆ మూడింటికీ జవాబు చెప్పేది సిస్టరే.